అగ్గిపెట్టెల సీమలో విద్యుత్తు నిల్వ

మధురై నుంచి తిరునెల్వేలి వైపు వెళ్ళే రైలు తిరుమంగళం దాటాక నేల రంగు మారుతుంది. వరి పచ్చదనం వెనకబడి నల్లరేగడి మొదలవుతుంది. తమిళులు దీన్ని కరిసల్ అంటారు. పత్తి, జొన్న, మినుము, వేరుశనగ. ఖాళీ జాగా దొరికిన ప్రతిచోటా సర్కారు తుమ్మ. కర్నూలు, అనంతపురం ప్రాంతాల వాళ్ళెవరైనా కిటికీ దగ్గర కూర్చుంటే పరాయి నేల చూస్తున్నామని అనుకోరు. హైదరాబాదు, కర్నూలు, అనంతపురం మీదుగా వచ్చే 44వ నంబరు జాతీయ రహదారి విరుదునగర్, సాత్తూరు, కోవిల్‌పట్టిల మీదుగానే కన్యాకుమారికి పోతుంది.

విద్యుత్తును దాచిపెట్టే కొత్త నానో పదార్థాల మీద ఈ చిన్న ఊళ్ళ కళాశాలల్లో జరుగుతున్న పనిని దగ్గరగా చూడాలని వచ్చాను. పెద్ద నగరాల్లో, పెద్ద సంస్థల్లో జరిగే పరిశోధన గురించి పత్రికల్లో చదువుతూనే ఉంటాం. వానలు సరిగా పడని ఒక మెట్ట ప్రాంతంలో, మొదటి తరం విద్యార్థులతో, పరిమితమైన పరికరాలతో అదే విజ్ఞానం ఎలా నడుస్తోందో చూడాలన్నది నా కోరిక. తోడు వచ్చిన మిత్రుడు ఈ ప్రాంతంవాడే, రసాయనశాస్త్రం పాఠాలు చెబుతాడు. అతనిది ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం.

విరుదునగర్ వ్యాపారుల ఊరు. పప్పులు, మిరపకాయలు, నూనెలు, పత్తి ఇక్కడి బజారులో చేతులు మారి దక్షిణాదంతటికీ పోతాయి. ఈ వర్తకులు బస్తాకు ఇంతని తమ మీద తామే వేసుకున్న రుసుముతో బడులు కట్టించారు. 1889లో మొదలైన క్షత్రియ విద్యాశాలకు ఇంటింటా పక్కన పెట్టిన పిడికెడు బియ్యం కూడా ఆధారమైంది. ముఖ్యమంత్రిగా పనిచేసిన కామరాజ్ చదివింది అక్కడే. 1903 జూలై 15న ఆయన పుట్టిన ఊరు ఇది. ఆయన ఇల్లు ఇప్పుడు స్మారకం. అదే దాతృత్వం నుంచి 1947లో హిందూ నాడార్ల సెంథికుమార నాడార్ కళాశాల వచ్చింది. ఈ ఊరికి ఒక త్యాగ చరిత్ర కూడా ఉంది. మన పొట్టి శ్రీరాములు గారు ఆంధ్ర రాష్ట్రం కోసం 58 రోజులు నిరాహారంగా ఉండి 1952 డిసెంబరులో ప్రాణం విడిచిన సంగతి మనకు తెలుసు. మద్రాసు రాష్ట్రానికి తమిళనాడు అని పేరు పెట్టడంతో పాటు మరికొన్ని కోరికలతో ఇదే విరుదునగర్‌లో శంకరలింగనార్ 76 రోజులు దీక్ష చేసి 1956 అక్టోబరు 13న కన్నుమూశారు. ఆయన పేరు మన పాఠ్యపుస్తకాల్లోనూ ఉండాలి.

ఇక్కడ తెలుగు వినిపించడం వింత కాదు. విరుదునగర్ జిల్లాలోనే ఉన్న రాజపాళయం రాజులు విజయనగర కాలం నాటి వలసను ఇప్పటికీ తలుచుకుంటారు. కోవిల్‌పట్టి పక్కనున్న ఇడైసెవల్‌లో 1923లో పుట్టిన కి. రాజనారాయణన్ తెలుగింటి బిడ్డ. కరిసల్ నేలకు తరలివచ్చిన తెలుగువాళ్ళ కథను ‘గోపల్ల గ్రామం’ నవలగా తమిళంలో రాశారు. దాని తరువాయి భాగానికి 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. కోవిల్‌పట్టిలో ఆయనకు స్మారక మండపం ఉంది. ఊళ్ళో ఒక కళాశాల పేరు కూడా జి. వెంకటస్వామి నాయుడు కళాశాల.

సాత్తూరు నుంచి కోవిల్‌పట్టి దాకా దారి పొడుగునా అగ్గిపెట్టెల కర్మాగారాలు. 1922లో అయ్య నాడార్, షణ్ముగ నాడార్ కలకత్తా వెళ్ళి అగ్గిపుల్లల తయారీ నేర్చుకొని శివకాశికి తెచ్చారు. వాన తక్కువ, గాలి పొడి, పుల్ల తొందరగా ఆరుతుంది. వ్యవసాయం సగం ఏడు చేతికి పని ఇవ్వదు. ఈ రెండు కారణాలూ కలిసి పరిశ్రమను చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ పాకించాయి. పద్నాలుగేళ్ళు రూపాయి దగ్గరే నిలిచిపోయిన అగ్గిపెట్టె ధర 2021 డిసెంబరులో రెండు రూపాయలైంది.

అగ్గిపెట్టెల దగ్గర ఇంతసేపు ఆగడానికి కారణం ఉంది. పుల్ల తలలో గంధకం, జిగురు, గాజుపొడితో పాటు పొటాషియం క్లోరేట్ ఉంటుంది. మంటకు కావలసిన ఆక్సిజన్ అందించేది అదే. ఆ క్లోరేట్ పుట్టేది విద్యుత్తు వల్ల. ఉప్పునీటిలో రెండు ఎలక్ట్రోడ్లు ముంచి కరెంటు పంపితే ధన ధ్రువం దగ్గర క్లోరైడు క్రమంగా క్లోరేటుగా మారుతుంది; రుణ ధ్రువం దగ్గర హైడ్రోజన్ బుడగలై పోతుంది. ఒక్కో క్లోరేటుకు ఆరు ఎలక్ట్రాన్లు ఖర్చవుతాయి. అలా వచ్చిన సోడియం క్లోరేటును పొటాషియం క్లోరైడుతో కలిపి పొటాషియం క్లోరేటుగా మార్చుకుంటారు. ఉప్పు పండించడంలో గుజరాత్ తర్వాతి స్థానం తమిళనాడుదైతే, ఆ ఉప్పులో సింహభాగం పక్కనున్న తూత్తుకుడి తీరానిది. విద్యుత్ రసాయనశాస్త్రం ఈ సీమకు నానో అన్న మాటతో పాటు రాలేదు. ప్రతి ఇంటి పొయ్యి గట్టు మీదా అది ఎప్పటినుంచో ఉంది.

ఆ ధన ధ్రువం చుట్టూ పెద్ద చరిత్ర ఉంది. క్లోరిన్ ఆవరించిన ఉప్పునీటిలో చాలా లోహాలు తొందరగా తినేయబడతాయి. గ్రాఫైట్ కడ్డీలు అరిగిపోతాయి, ప్లాటినం కొనలేం. దీనికి పరిష్కారం వెతికిన ఒక చోటికి ఇక్కడి నుంచే రైలుంది. విరుదునగర్ జంక్షన్ నుంచి అరుప్పుకోట, మానామధురై మీదుగా రైలులో వెళితే కారైక్కుడి వస్తుంది. కేంద్ర విద్యుత్ రసాయన పరిశోధన సంస్థ ఉన్నది అక్కడే. అళగప్ప చెట్టియార్ 300 ఎకరాల నేల, 15 లక్షల రూపాయలు ఇస్తే 1948 జూలై 25న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1953 జనవరి 14న సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించారు. ఆ సంస్థలో హెచ్.వి.కె. ఉడుప, కె.సి. నరసింహం గ్రాఫైట్ మీద సీసం డయాక్సైడు పూత వేసిన ధన ధ్రువాల మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. 1976లో ఆ పని వివరాలు అమెరికా విద్యుత్ రసాయన సంఘం పత్రికలో వచ్చాయి. ఐరోపాలో హెన్రీ బీర్ 1960లలో మరో దారి పట్టాడు. టైటానియం రేకు మీద రుథేనియం ఆక్సైడు పలుచగా పూసి, ఏళ్ళు గడిచినా అరగని ధ్రువాన్ని తయారుచేశాడు. ప్రపంచంలో క్లోరిన్, క్లోరేట్ తయారీ స్వరూపాన్నే ఆ పూత మార్చేసింది.

నన్ను ఈ ప్రయాణానికి పురికొల్పిన మలుపు దీని తర్వాత వస్తుంది. 1971లో ఇటలీలో ట్రసాట్టి, బుజాంకా అదే రుథేనియం ఆక్సైడు పొరను పరీక్షిస్తుంటే అది కెపాసిటర్‌లా విద్యుదావేశాన్ని పట్టుకొని, అడిగిన వెంటనే తిరిగి ఇస్తోందని తేలింది. ఉప్పునీటిని క్లోరేటుగా మార్చడానికి పుట్టిన పూత విద్యుత్తును నిల్వచేసే పదార్థంగా బయటపడింది. నిల్వకు వాడాలంటే రుథేనియం ఖరీదు భరించలేనిది గనక చవకైనదాని కోసం వెతుకులాట మొదలైంది. 1999లో లీ, గుడెనఫ్ మాంగనీసు డయాక్సైడు ఆ పని చేయగలదని చూపారు. మాంగనీసు అంటే మన విజయనగరం జిల్లా గర్భాం, గరివిడి గనులు గుర్తొస్తాయి. ఇవాళ ఏ చిన్న కళాశాల ప్రయోగశాలకు వెళ్ళినా మాంగనీసు, నికెల్, కోబాల్టు ఆక్సైడుల పేర్లు వినిపించడానికి మూలం ఆ వెతుకులాటే.

మేం చూసిన ప్రయోగశాల ఒక పాత కట్టడంలో రెండు గదులు. మూలన మఫిల్ ఫర్నేసు, దాని పక్కన నైట్రోజన్ సిలిండరు తగిలించిన గొట్టపు కొలిమి, బల్ల మీద వరసగా బొటనవేలంత మందాన ఉక్కు గోడలున్న చిన్న ఆటోక్లేవ్‌లు. వాటి లోపల టెఫ్లాన్ గిన్నె ఉంటుంది. లోహ లవణాల ద్రావణం అందులో పోసి, మర బిగించి, 180 డిగ్రీల దగ్గర రాత్రంతా ఓవెన్‌లో ఉంచుతారు. లోపల నీరు ఆవిరై పోలేక ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడిలో ఆక్సైడు సూదులుగా, రేకులుగా, గుండ్రని పూసలుగా స్ఫటికీకరిస్తుంది. పాళ్ళు కొద్దిగా మారినా, గంటలు మారినా ఆకారం మారుతుంది. ఆ ఆకారాన్ని చూసే ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని మాత్రం ఇక్కడ లేదు. పొడిని చిన్న సీసాలో పెట్టి పెద్ద సంస్థకు కొరియర్‌లో పంపుతారు, వంతు వచ్చేదాకా ఎదురుచూస్తారు.

పరిశోధక విద్యార్థిని ఒకమ్మాయి నాకు ఎలక్ట్రోడ్ తయారీ చూపించింది. పనిచేసే పదార్థం 80 పాళ్ళు, నల్లని కార్బన్ పొడి 10, బంధకం 10 తూచి, ద్రావణితో కల్వంలో నూరింది. అట్ల పిండి జారుకి వచ్చాక నికెల్ నురగ ముక్క మీద పూసి ఆరబెట్టింది. ఆరిన ముక్కను క్షార ద్రావణంలో ముంచి, ఎదురుగా ప్లాటినం తీగ, పక్కన పోల్చిచూసే ధ్రువం ఉంచి తీగలు తగిలించింది. తెర మీద వోల్టేజి ముందుకు వెనక్కు నడుస్తుంటే కరెంటు గీత మెలి తిరుగుతూ వచ్చింది. ఇంట్లో తెలుగేనట. “మాట్లాడేదానికి వస్తుంది సార్, చదివేదానికి రాదు,” అంది. వాళ్ళమ్మ అగ్గిపెట్టెల కర్మాగారంలో పెట్టెలు నింపి ఆమెను చదివించింది. నేను రాసేది తనకు చదివి వినిపించమని నా మిత్రుణ్ణి అడిగింది.

ఆమె అసలు పని వేరుశనగ తొక్క మీద. కోవిల్‌పట్టి పేరు చెబితే తమిళనాడంతా పల్లీ చిక్కీని తలుచుకుంటుంది. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నల్లరేగడిలో, దాని అంచుల ఎర్రమట్టిలో పండిన గింజలు, బెల్లం, తామ్రపర్ణి నీరు కలిస్తే ఆ రుచి అని ఇక్కడివాళ్ళ నమ్మకం. గింజ పాకంలోకి పోతుంది, తొక్క బాయిలర్‌లోకి పోతుంది. ఆ తొక్కను కడిగి, ఆరబెట్టి, గాలి తగలకుండా బొగ్గు చేసి, పొటాషియం హైడ్రాక్సైడు కలిపి నైట్రోజన్ నడుమ 700, 800 డిగ్రీలకు కాలుస్తారు. క్షారం కార్బన్‌ను తినుకుంటూ పోతుంది. ఆ వేడికి పుట్టే పొటాషియం లోహం ఆవిరై కార్బన్ పొరల మధ్యకు దూరి వాటిని ఎడం చేస్తుంది. తర్వాత ఆమ్లంతో, నీళ్ళతో కడిగేస్తే మిగిలేది రంధ్రాలమయమైన నల్లపొడి. గట్టిగా కాల్చిన మంచి పొడి ఒక గ్రాములో 2000 చదరపు మీటర్ల ఉపరితలం ఉండగలదు. అంటే దాదాపు అరెకరం.

అంత ఉపరితలం ఎందుకంటే, ఇక్కడ నిల్వ జరిగేది ఉపరితలం మీదే. కార్బన్‌కు ఆవేశం ఎక్కించగానే ద్రావణంలోని ఎదురు అయాన్లు వచ్చి దాని గోడకు ఆనుకొని నిలబడతాయి. రెండిటి మధ్య ఎడం నానోమీటరు కంటే తక్కువ. నానోమీటరంటే మీటరులో వందకోట్లవ వంతు. ఈ జంట పొరను హెల్మ్‌హోల్ట్జ్ 19వ శతాబ్దంలోనే ఊహించాడు. రసాయన చర్య ఏదీ జరగదు గనక ఇది లక్షల సార్లు నిండి ఖాళీ అయినా అలసిపోదు, సెకన్లలో నిండుతుంది. లోటు ఒకటే: కిలోకు 5 నుంచి 10 వాట్ అవర్ల శక్తి మాత్రమే పడుతుంది. లిథియం అయాన్ బ్యాటరీలో అది 150 నుంచి 250 దాకా ఉంటుంది. రంధ్రాలు ఎంత సైజుంటే మంచిదన్న ప్రశ్నకు చాలాకాలం తప్పుడు జవాబే చలామణీ అయింది. ద్రావణి అణువుల తొడుగుతో సహా అయాన్ పట్టేంత రంధ్రం ఉండాలనుకునేవారు. 2006లో గొగోట్సీ, సైమన్ బృందం నానోమీటరుకు లోపు రంధ్రాల్లో నిల్వ పెరుగుతుందని కొలిచి చూపింది. ఇరుకు దారిలోకి వెళ్ళేటప్పుడు అయాన్ తన తొడుగును కొంత విడిచి గోడకు మరింత దగ్గరవుతుంది.

వ్యవసాయ వ్యర్థంతో ఇదంతా వేడుక అనుకునేవాళ్ళకు ఒక మాట. ఇలా ఉపరితలం మీద నిల్వచేసే పరికరాలను సూపర్ కెపాసిటర్లు అంటారు. మార్కెట్లో దొరికే వాటిలో వాడే కార్బన్ చాలావరకు కొబ్బరి చిప్ప నుంచి వచ్చిందే. కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయంలో డేవిడ్ మిట్లిన్ బృందం ఒక్క వేరుశనగ తొక్క నుంచే రెండు ధ్రువాలూ చేసి సోడియం అయాన్ కెపాసిటర్ నిర్మించింది. 2015లో దాని వివరాలు ప్రచురించింది. 2024లో కేరళలోని కన్నూరులో ప్రభుత్వ రంగ సంస్థ కెల్ట్రాన్ సూపర్ కెపాసిటర్ల ఉత్పత్తి మొదలుపెట్టింది. ఈ దారిలో అడుగు పడింది, ఇంకా చాలా దూరం ఉంది.

ఆ దూరం గురించి నా మిత్రుడితో సాయంత్రం దాకా మాట్లాడాను. అతను దాచుకోకుండా చెప్పాడు. పరిశోధన వ్యాసాల్లో గ్రాముకు వెయ్యి ఫారడ్లు, రెండు వేల ఫారడ్లు (కెపాసిటర్ నిల్వ సామర్థ్యానికి కొలమానం) అని కనిపిస్తాయి. కొలిచిన ధ్రువం మీద ఉన్న పదార్థం చదరపు సెంటీమీటరుకు ఒక మిల్లీగ్రాము, ఒక్కోసారి అంతకూ తక్కువ. బజారులో దొరికే పరికరంలో అది పది మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. పూత పలుచగా ఉన్నప్పుడు ప్రతి రేణువుకూ అయాన్ చేరుతుంది; మందం పెరిగితే లోపలివి పస్తుంటాయి. పైగా తూకంలో నికెల్ నురగ, ద్రావణం, డబ్బా బరువులు లెక్కకు రావు. నికెల్ నురగ క్షారంలో తానే కొంత ఆవేశాన్ని పట్టుకుంటుంది. పూత పలుచనైనకొద్దీ ఆ వాటా పెరుగుతుంది. ఆ గొగోట్సీ, సైమన్‌లే 2011లో సైన్స్ పత్రికలో ఈ కొలతల పద్ధతిని సరిదిద్దుకోమని హెచ్చరించారు. 2015లో బ్రూస్, బెలాంజే, లాంగ్ మరో తప్పును ఎత్తి చూపారు: నికెల్, కోబాల్టు ఆక్సైడులు క్షారంలో బ్యాటరీలా ప్రవర్తిస్తుంటే వాటి నిల్వను ఫారడ్లలో చెప్పడం అర్థం లేనిదని. ఈ రెండు వ్యాసాలనూ కొత్తగా చేరిన ప్రతి విద్యార్థి చేత చదివించాకే ఫర్నేసు దగ్గరికి వెళ్ళనిస్తానన్నాడు మిత్రుడు. ఆ రెండు గదుల్లో నాకు బాగా నచ్చింది ఈ నియమమే. ఖరీదైన యంత్రం లేకపోతే పని కొంత నెమ్మదిస్తుంది. కొలతలో నిజాయతీ లేకపోతే పనే మిగలదు.

నానో అన్న మాట వెనక గట్టి ఫలితం కూడా ఉందని చెప్పకపోతే అన్యాయం. దక్షిణ తమిళనాడులోని అమరాపురం అనే చిన్న పల్లెలో పుట్టిన అరుముగం మంథిరం 1974లో బి.ఎస్సీ., 1976లో ఎం.ఎస్సీ. మధురై విశ్వవిద్యాలయంలో పూర్తిచేశారు. తర్వాత గుడెనఫ్‌తో కలిసి 1980లలో ఇనుము సల్ఫేటు వంటి పదార్థాలు బ్యాటరీ వోల్టేజిని పెంచగలవని కనిపెట్టారు. ఆ ఆలోచన 1997లో లిథియం ఐరన్ ఫాస్ఫేట్ దాకా వచ్చింది. అది చవక, భద్రం. విద్యుత్తును మాత్రం సరిగా పోనివ్వదు. రేణువుల్ని నానో పరిమాణానికి తగ్గించి, వాటికి కార్బన్ పొర పూశాకే బ్యాటరీకి పనికొచ్చింది. ఇవాళ ఎన్నో విద్యుత్ బస్సులు దాని మీదే నడుస్తున్నాయి. 2019లో నోబెల్ అందుకున్న గుడెనఫ్ తరఫున స్టాక్‌హోమ్‌లో ఉపన్యాసం ఇచ్చింది మంథిరం గారే. ఈ కళాశాలల గోడల మీద ఆయన ఫోటో పెట్టాలని నాకు అనిపించింది.

మరునాడు కయత్తారు వెళ్ళాం. 1799 అక్టోబరు 16న ఇంగ్లీషువాళ్ళు పాళెగాడు కట్టబొమ్మన్‌ను ఉరితీసిన చోటు ఇదే. ఆయన పూర్వీకులూ తెలుగునాడు నుంచి వచ్చినవాళ్ళే. ఇప్పుడు కయత్తారులో జాతీయ పవన శక్తి సంస్థ గాలిమరలను పరీక్షించే కేంద్రం ఉంది. చుట్టూ చూపు ఆనినంత మేర మరలు. నైరుతి గాలి వీచే మే నుంచి సెప్టెంబరు దాకా ఇక్కడ విద్యుత్తు పొంగిపొర్లుతుంది, ఆ తర్వాత తగ్గుతుంది. నెలల తరబడి దాచే పని సూపర్ కెపాసిటర్ వల్ల కాదు. అయితే చాలా గాలిమరల హబ్ లోపలే అది ఉంటుంది. తుఫాను వచ్చి గ్రిడ్ సరఫరా ఆగినప్పుడు రెక్కల వాలు మార్చి మరను ఆపడానికి క్షణాల్లో శక్తి కావాలి. బ్యాటరీ మార్చడానికి అంత ఎత్తుకు మాటిమాటికీ ఎక్కడం కష్టం గనక ఏళ్ళు నిలిచే సూపర్ కెపాసిటర్లను పెడుతున్నారు. ఆ మర కింద జొన్న చేలో నిలబడి, దాని పక్క చేలోనే వేరుశనగ చూశాను.

ఆ చేను చూస్తే మన సీమ గుర్తొచ్చింది. అనంతపురం జిల్లాను మించి వేరుశనగ సాగుచేసిన జిల్లాలు దేశంలో అరుదు. రాయలసీమ కొండల మీద గాలిమరలున్నాయి, మైదానాల్లో సౌర ఫలకాలున్నాయి, పిన్నాపురంలో నీటిని ఎత్తిపోసి విద్యుత్తు నిల్వచేసే ప్రాజెక్టు వచ్చింది. తొక్క మాత్రం ఇంకా బట్టీల్లోనే కాలుతోంది. గొట్టపు కొలిమి, నైట్రోజన్ సిలిండరు, కొలిచే యంత్రం ఒకటి ఉంటే అనంతపురంలోనో, కడపలోనో, నంద్యాలలోనో ఏ కళాశాలయినా ఈ పని మొదలుపెట్టవచ్చు. అలా మొదలుపెట్టే అధ్యాపకులను, పరిశోధక విద్యార్థులను ఒక్కటి కోరుతున్నాను: గ్రాముకు ఎన్ని ఫారడ్లు వచ్చాయో రాసిన ప్రతిచోటా, ఆ ధ్రువం మీద చదరపు సెంటీమీటరుకు ఎన్ని మిల్లీగ్రాముల పొడి ఉందో పక్కనే రాయండి.